స్టాండులో మిగిలిన ఒక్క లారీ

లారీకి ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. స్టాండులో మాత్రం అందరూ ఓనరుగారనే పిలుస్తారు. ఆ పిలుపులో గౌరవం ఒక పాలు, వెటకారం మూడు పాళ్లు. ఆయనకు ఆ ఒక్క పాలే వినబడుతుంది లెండి. పదకొండేళ్ల కిందట ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో డ్రైవరు ఉద్యోగం వదిలేసి సొంత బండి కొనుక్కున్నాడు. ఆ రోజు మెలేసిన మీసం ఇంతవరకు దించలేదు.

మరి ఈ ఓనరుగారు కిరాయికి రేటు ఎలా కడతాడంటారా? ముందు వేళ్ల మీద లెక్క వేస్తాడు. డీజిలు, టోలు గేట్లు, టైర్ల అరుగుదల, తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రావలసిన దూరం, అన్నీ కలిపి కట్టుదిట్టంగా తేలుస్తాడు. తేల్చిన తరువాత ఆ లెక్కను గాలికి వదిలేసి, పక్క లారీవాడు ఎంత అడుగుతున్నాడో కనుక్కుని, దానికో వెయ్యి తగ్గించి చెబుతాడు. ఆ పక్కవాడేం చేస్తాడు? ఈయన ఎంత అడిగాడో కనుక్కుని ఇంకో వెయ్యి తగ్గిస్తాడు. ఇద్దరికిద్దరూ మొనగాళ్లే!

ఆ వేళ పొద్దున్నే ఓనర్లంతా టీ బంకు దగ్గర గుమిగూడి ఒట్లు వేసుకున్నారు. ఓడరేవు లోడు ముప్పై వేలకు తక్కువైతే ఎవరూ ఎత్తకూడదు, ఎత్తినవాడు మనిషే కాదు. అందరికన్నా గట్టిగా అరిచింది మన ఓనరుగారే. గ్లాసులు కింద పెట్టారో లేదో, ఒక్కొక్కడూ తన లారీ వెనక్కి వెళ్లి, చక్రానికి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోనెత్తాడు. అందరూ గుసగుసలాడింది లోడ్లు ఇప్పించే ఒకే బ్రోకరుతో. పాపం, ఆయన నవ్వాపుకోలేక ఎంత అవస్థ పడ్డాడో!

ఓనరుగారు ఎన్నిసార్లు చేసినా లైను దొరకలేదు. విసుగొచ్చి భోజనానికి ఇంటికి వచ్చేశాడు. నిజానికి ఈ లోడు దొరక్కపోతే ఆయనకు లారీ దక్కదు. ముందు టైర్లు రెండూ నున్నగా గుండు కొట్టించుకున్నట్టు ఉన్నాయి. పాత యజమాని, "నీ సీటు ఖాళీగానే ఉంది, సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పు" అని కబురు పెట్టాడు. భార్య కూడా తేల్చి చెప్పేసింది.

"ఈ లోడు మీద టైర్లు వస్తే లారీ ఉంచుకుందాం. రాకపోతే అమ్మేసి ఆయన దగ్గర చేరిపోండి. ఆ గుండు టైర్ల మీద మిమ్మల్ని పంపించి, గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవడం ఇంక నా వల్ల కాదు."

మళ్లీ ఇంకొకరి బండి ఎక్కడమా! ఓనరుగారికి తల కొట్టేసినంత పనైంది.

స్టాండుకు ఎదురుగా, మేడ మీద రెండు గదుల ఇల్లు వాళ్లది. ముందు గదిలో కిటికీ పక్కన భార్య కుట్టుమిషను ఉంటుంది. ఆవిడ కుట్టుకూలి గోడకు తగిలించిన అట్టముక్క మీదే రాసి ఉంటుంది. ఎవరైనా బేరమాడితే, "గుడ్డ తీసుకెళ్లిపోండమ్మా" అంటుంది, తల కూడా ఎత్తదు.

భోజనానికి కూర్చుంటూ భార్య ఎదుటే వేళ్ల మీద లెక్క వేస్తే ఓడరేవుకి ముప్పై వేలు తేలింది. భోజనం మధ్యలో ఓనరుగారికి బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. బ్రోకరు అసలు ఎంతకు ఒప్పుకుంటాడో వేరే మనిషిలా అడిగి చూస్తే? చెయ్యి కడుక్కుని, భార్య ఫోను తీసుకుని, వెనక గదిలోకి వెళ్లి ముక్కు పట్టుకున్నాడు. ఈసారి లైను దొరికింది.

"కొత్త లారీవాణ్ణండీ. ఓడరేవుకి ఇరవై ఎనిమిదికి వస్తాను."

"చూసి చెప్తా" అన్నాడు బ్రోకరు.

ఫోను మిషను మీద పెట్టేసి, మీసం దువ్వుకుంటూ వెనక గదికి చేరేసరికి ఆయన సొంత ఫోను మోగింది.

"అన్నా, ఓడరేవుకి అద్దాల లోడుంది. ఎవడో కొత్తవాడు ఇరవై ఎనిమిదంటున్నాడు. నీ మాటేంటి?"

ఆ కొత్తవాడెవడో ఆయనకు తెలియదా? భేషుగ్గా తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం! పోటీవాడి రేటు చెవిన పడగానే పదకొండేళ్ల అలవాటు కొద్దీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇరవై ఏడు!"

నాలుక కరుచుకునేలోపే బ్రోకరు పెట్టేశాడు. వెంటనే ముందు గదిలో భార్య ఫోను మోగింది. "ఇరవై ఏడుకి ఒకాయన వస్తానంటున్నాడమ్మా, మీ కొత్త లారీ వాళ్లేమంటారు?" అని అడిగాడు బ్రోకరు. వెనక గదిలో మొగుడి కేకలన్నీ విన్న మనిషి కదా, ఆవిడకు సంగతంతా అర్థమైంది. కిటికీలోంచి స్టాండు వైపు ఒకసారి చూసి, "కాసేపాగి చెయ్యండి, చెప్తాం" అంది.

మళ్లీ ఓనరుగారి ఫోను మోగింది. "వాళ్లు ఆలోచించుకుంటున్నారన్నా."

"ఇరవై ఆరు! ఇంక పైసా తగ్గను!"

తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. "ఎవరితో అండీ ఈ పోటీ?"

"నీకు తెలీదే, బయట బోలెడంతమంది కాచుకుని కూర్చున్నారు!"

"ఓసారి కిటికీలోంచి చూడండి."

ముందు గదిలోకి వచ్చి చూశాడు. పొద్దున ఒట్లు వేసినవాళ్లంతా దొరికిన రేటుకు లోడ్లెత్తుకుని ఎప్పుడో వెళ్లిపోయారు. అంత పెద్ద స్టాండులో ఒకే ఒక్క లారీ ఎండలో నిలబడి ఉంది. అది ఆయనదే.

ఇంతలో భార్య ఫోను మోగింది. ఆవిడ స్పీకరు పెట్టింది.

"మా రేటు ముప్పై నాలుగండీ" అని, లారీ నంబరు కూడా చెప్పేసింది.

"అది ఆయన బండే కదమ్మా! ఆయన ఇరవై ఆరన్నాడే!"

"ఆయన అన్నీ లెక్కేస్తే ముప్పై తేలింది. అందులో డ్రైవరు జీతం మర్చిపోయారు. అది నాలుగు."

"డ్రైవరెవరమ్మా? తోలేది ఆయనే కదా!"

"అవును. తోలిన మనిషికి జీతం ఇవ్వరా?"

పదకొండేళ్లుగా ఎండనకా వాననకా బండి తోలుతున్నాడు ఒక మనిషి. వాడికి జీతం ఎగ్గొట్టింది బ్రోకరూ కాదు, పక్క లారీవాడూ కాదు, తనే. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"అన్నా, అక్కడే ఉన్నావా?" బ్రోకరు గొంతు పెంచాడు. "ఇరవై ఆరన్నావా లేదా? ఇప్పుడు చెప్పు, నీ నోటితో."

ముప్పై మూడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. భార్య ఆయన కేసి చూస్తూ నిలబడింది. ఓనరుగారు మాటను మింగేశాడు.

"నన్నడుగుతారేంటండీ? నేను డ్రైవర్ని. రేట్లు నాకేం తెలుస్తాయి?"

బ్రోకరు కాసేపు నసిగాడు. కానీ సరుకు పంపే పార్టీ తొందర పెడుతోంది, స్టాండులో ఇంకో బండి లేదు. "సరే, అడ్వాన్సు పంపిస్తా. బండి పెట్టండి" అన్నాడు.

"టైర్లు మార్చుకుని పెడతాం" అంది ఆవిడ.

తాళంచెవులు తీసుకుని మెట్లు దిగుతూ ఓనరుగారు పాత యజమానికి ఫోను చేశాడు.

"నాకు ఉద్యోగం దొరికిందండీ, డ్రైవరుగా."

"ఎవరి దగ్గరయ్యా?"

ఓనరుగారు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని గొంతు తగ్గించాడు.

"మా ఆవిడ దగ్గరండీ. జీతం కూడా ఇస్తుందట!"