గట్టు మీద దరువు

మా తాత పాపయ్య మొండిఘటం. పాలకీడు పక్కన మా పల్లెలో ఆయన డప్పు మోగందే శవం లేచేది కాదు. అలాంటివాడు బాప్తిస్మం తీసుకున్న రోజున, ఇక డప్పు ముట్టనని పాదిరి అయ్యగారికి మాటిచ్చాడు. పారేయలేదు మాత్రం, చూరుకు వేలాడదీశాడు. నాయనమ్మ ఏసమ్మ దెప్పితే, "అది గాడ్నే ఉంటది, నీకేం అడ్డం?" అనేవాడు.

పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో ఆయన పెద్దకొడుకు దేవదాసు పోయాడు. దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి, యేసయ్య గుడికి రావడం మానేసి, దళానికి సద్ది మోస్తూ చెలకలో తూటా తగిలి పడిపోయాడు. ఎవరు కాల్చారో ఎవరూ నోరు విప్పలేదు.

"ప్రభువు బల్లకు దూరమైనవాడు. సమాధుల తోటలో చోటివ్వలేను," అన్నాడు పాదిరి. తాత కులపెద్ద పెంటయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"బాప్తిస్మం నీళ్లల్ల మునిగినోన్ని మా బొందలగడ్డల ఎట్ల పెడతంరా? పెద్దలు ఊకుంటరా?" అన్నాడాయన.

తోటకూ బొందలగడ్డకూ మధ్య ఒక గట్టు ఉంది. శవం ఎంతసేపని ఆగుతుంది? అక్కడే గుంత తీశారు. పాట లేదు, డప్పు లేదు. కుక్కను పూడ్చినట్టు పూడ్చి వచ్చారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పట్నుంచి ఏసమ్మకు కొడుకు గడప బయట నిలబడ్డట్టే ఉండేది. "లోపటికి రాడు, పోడు. సాగనంపలే గదయ్యా వాన్ని," అని ఏడ్చేది. తాతకూ అడుగుల చప్పుడు వినబడేది, పైకి అనేవాడు కాదు. ఆదివారం గుడికని బయల్దేరి గట్టు దగ్గరే ఆగిపోయేవాడు. ముందుకు వెళ్తే కొడుకును కాదన్న యేసయ్య, వెనక్కి వెళ్తే తాను కాదన్న ముత్యాలమ్మ. ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియక ఆ గట్టు మీదే కూర్చునేవాడు.

ఒక ఆదివారం డప్పు దించాడు. ఏసమ్మ వెనకే వెళ్లింది. గట్టు మీద గడ్డి అంటించి, బిగుసుకునేలా డప్పు తోలు కాచాడు. పుల్లలు పట్టుకుని ఒకసారి గుడి వైపు చూశాడు. ఇచ్చిన మాట ఊరికే పోదు కదా.

గుడిలో పాట మొదలైంది. తాత ఆ పాటే అందుకుని, దానికి చావుదరువు కలిపాడు. లోపల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన ఒక్కడే పాడుతూ కొట్టాడు. గుడిలోంచి ఎవరూ బయటికి రాలేదు, ఊళ్లోంచీ ఎవరూ రాలేదు.

ఏసమ్మ కొంగుతో మొఖం తుడుచుకుని, "ఇగ పోయిండా?" అంది.

తాత వంగి మట్టికి చెవి ఆనించాడు.

"పోలే. ఇంకోపాలి కొట్టమంటుండు," అన్నాడు.

మళ్లీ గడ్డి అంటించాడు.