ఎప్పుడు కొయ్యవో చెప్పు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ డాక్టరు దగ్గరికి పోతే, రోగం చెప్పే ముందు ఆయననే పరీక్ష చేసేది బిడ్డా. ఎట్లా కూర్చుంటాడు, టీ ఎట్లా తాగుతాడు, ముసలివాళ్ళు మాట్లాడుతుంటే చివరిదాకా వింటాడా లేదా, అన్నీ బెంచీ మీద కూర్చుని చూసేది. ఆ తర్వాతే నోరు విప్పేది.

నేత పనికి పరాయి రాష్ట్రం వలసొచ్చి, పద్మనగర్‌లో వరసగదుల చాల్‌లో ఉండే మా వాళ్ళకు అప్పుడు ఇద్దరు డాక్టర్లే దిక్కు. సందు మొదట్లో ఉన్నాయన తొందర మనిషి. టీ కొంచెం చల్లారితే పారబోసేవాడు, మోటార్‌సైకిల్‌కు బ్రేకు ఉందన్న సంగతే ఎరగడు. గడ్డ లేచిందంటే చాలు, కత్తి అందుకునేవాడు. కామత్‌ఘర్‌లో ఉన్న పెద్దాయన వట్టి భయస్తుడు. మందుల అల్మారాకు తాళం వేసి, వేశానో లేదోనని మళ్ళీ లాగి చూసేవాడు. ఏ రోగానికైనా చూద్దాం అనేవాడు. ఆయన చూద్దామంటుండగానే తన కాన్పు అయిపోయిందని పక్కింటి అత్త అందరినీ నవ్వించేది.

ఒకరోజు మా నాన్నకు అన్నం గిన్నె ఇవ్వడానికి మగ్గాల కార్ఖానాకు పోయాను. మగ్గంలోంచి పోగు మోసే నాడె ఎగిరొచ్చి నా చూపుడువేలి కొసను నలిపేసింది. కార్ఖానాల్లో అందరూ చేసేదే మా నాన్నా చేశాడు. మగ్గం నూనెలో ముంచిన దూదిపీచు కట్టాడు. రెండు రోజులకు వేలు వాచి, కొస నల్లబడి, వాసన వేసింది.

తొందర డాక్టరు చూసి, మళ్ళీ మళ్ళీ ఎందుకు, వేలు మొదలుకంటా తీసేద్దామన్నాడు. కామత్‌ఘర్ ఆయన కట్టు మార్చి, కొయ్యొద్దు, చూద్దామన్నాడు. వేలు లేకపోతే రేపు తెగిన పోగు ఎట్లా ముడేస్తుందని మా అమ్మ ఏడుపు. మా నాన్న మాత్రం చూద్దామన్న వైపే మొగ్గాడు. వినడానికి అదే తియ్యగా ఉంది మరి.

నాయనమ్మకు ఇద్దరి మీదా అనుమానమే.

"వాళ్లు నీ బిడ్డ వేలు జూసి చెప్తలేరు కొడుకా. ఒకడు తన తొందర జెప్పిండు, ఇంకోడు తన భయం జెప్పిండు."

నా చెయ్యి పట్టుకుని మళ్ళీ ఇద్దరి దగ్గరికీ తిప్పింది. తనకు వచ్చిన కొద్దిపాటి హిందీలో, కోస్తానన్న ఆయనను ఎప్పుడు కొయ్యవో చెప్పమంది. ఆయన విసుక్కున్నాడు. ఆమె బెంచీ మీంచి లేవలేదు. చివరికి, నలుపు వేలి కొస నుంచి మొదటి మడత గీత దాటకపోతే వేలంతా తియ్యనక్కరలేదు, కొస తీస్తే చాలన్నాడు. ఆగుదామన్న ఆయనను ఎప్పుడు ఆగవో చెప్పమంది. ఆయన లేచి అల్మారా తాళం మళ్ళీ లాగి చూశాడు. నలుపు ఆ గీత దగ్గరికి వస్తే మాత్రం ఇక ఆగననీ, తొందర డాక్టరు దగ్గరికే పంపుతాననీ ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక, బట్ట తాకా చుట్టకు గుర్తు పెట్టే నీలం పెన్సిల్‌తో నాయనమ్మ నా వేలి మొదటి గీత మీద దిద్దింది. తెల్లారేసరికి నలుపు ఆ నీలాన్ని తాకింది. ఇంకొక్క పూట చూద్దామన్నాడు మా నాన్న.

"చూద్దామన్నోడే వద్దన్నడు. ఇంకేం జూస్తవ్‌రా?" అని నన్ను తీసుకుని బయల్దేరింది.

తొందర డాక్టరు చెయ్యి గీత దాటుతుందేమోనని కోసినంతసేపూ పక్కనే నిలబడి చూసింది. కత్తి గీత దగ్గరే ఆగింది. మిగిలిన ఈ పొట్టివేలుతోనే నేను ముసలిదాన్నయ్యేదాకా పోగులు ముడేశాను.

నా మోకాళ్ళు కోసి బాగుచేస్తానంటున్న, నువ్వు చెప్పే డాక్టరు మంచివాడే కావచ్చు బిడ్డా. కానీ మొన్న ఆయన దగ్గర బెంచీ మీద కూర్చుని నేనూ చూశాను, గోడ నిండా తాను పరుగెత్తుతున్న ఫోటోలే పెట్టుకున్నాడు. మెల్లగా నడిచే మనిషిని చూస్తే ఆయనకు ఓపిక ఉండదేమో. రేపు పోదాం, కాదనను. నా హిందీ తడబడితే నువ్వు అందుకో. ఈ వేలు ఆయన బల్ల మీద పెట్టి, ఎప్పుడు కొయ్యవో చెప్పమని మాత్రం నేనే అడుగుతాను.