తెర వెనుక కూర్చోబెట్టిన గొంతు

మా గురువుగారి గురువు రచించిన యక్షగానమొకటి చేతివ్రాత ప్రతిగా నా దగ్గర ఉన్నది. అది అచ్చు కాలేదు. ఆద్యంతం ఆడగా చూసినవారెవరూ ఇప్పుడు జీవించి లేరు. యుద్ధంలో ఒక రాజు మరణిస్తాడు. అతని దేహాన్ని ఇవ్వనని విజేత పట్టుబడతాడు. చనిపోయినవాని రాణి ఒంటరిగా శత్రుశిబిరానికి వెళ్లి భర్త శరీరాన్ని అడుగుతుంది. కథ ఇంతమాత్రమే. అయితే అది చదువుకునే గ్రంథం కాదు, ఎత్తుగడ నుంచి మంగళం దాకా పాడవలసినది. గురువుగారు మంచం పట్టిన రోజులలో ఆ ప్రతిని నా చేతికిచ్చి, ఒక్కసారైనా దీన్ని ముక్కలు చేయకుండా ఆడించమని అడిగారు. సరేనన్నాను. ఆ మాట ముప్పై ఏళ్లు నా పెట్టెలో పడి ఉన్నది.

కోలారు బంగారు గనుల ఊళ్లో తెలుగు పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. నేను విరమించక ముందే మా బడిలో తెలుగు తరగతి విరమించింది. ఇక ఆ యక్షగానాన్ని ఎవరి చేత పాడించాలో తెలియక, నాతోపాటే పోతుందని మనసు సమాధానపరచుకున్నాను. అంతలో ఆవని అనే ఊరికి ఇవతలి పల్లె ఒకదాని గుడి సంఘంవారు జాతరకు నాటకం కావాలని వచ్చారు. పూర్వం మాదిరి తెల్లవార్లూ ఆడడానికి వీలులేదు. మైకుకు పోలీసు అనుమతి రాత్రి పదింటి వరకే. సాయంకాలం అయిదింటికి మొదలుపెడితే మా యక్షగానం సరిగ్గా పడుతుంది. పాత నటులకు పళ్లూడిపోయాయి, ఊపిరి చాలదు. కాలేజీ పిల్లలతోనే చేయాలని నిశ్చయించుకున్నాను.

పదకొండుమంది దొరికారు. ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, చదివేది కన్నడం. నేను చెబుతూంటే ద్విపదలను కన్నడ లిపిలో రాసుకున్నారు. ఈ ప్రాంతంలో పౌరాణిక నాటకాలన్నీ ఆ విధంగానే నేర్చుకుంటారు. మొదట నా మనసుకు కష్టమనిపించినా, ఆ కాగితం చూసి పలికిన పలుకు శుద్ధంగా ఉండడంతో నోరు మూసుకున్నాను. మా గనుల ఊళ్లోనే కోరమండల్ అనే పేటలో గని కార్మికుల కోసం ఒకనాడు కట్టి, ఇప్పుడు ఎవరికీ పట్టని హాలు ఒకటి ఉంటే, అందులో సాధన సాగించాము.

రాణి పాత్రకు వచ్చిన అమ్మాయికి పదిహేడేళ్లు. ఆ హాలు వెనుక వరుస ఇళ్లలోనే అవ్వతో ఉంటుంది. వారి పెద్దలు చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చినవారు, క్రైస్తవులు. ఆమె గొంతు గురించి నేను ఎక్కువ చెప్పలేను. ఎత్తైన స్థాయికి పోయినప్పుడు కూడా బలవంతం కనిపించేది కాదు, అంతే చెబుతాను. ముప్పై ఏళ్లుగా నా చెవిలో మాత్రమే ఉన్న ద్విపదను ఆమె మొదటిరోజున అలవోకగా అనేసింది.

అడుగవచ్చితినయ్య యన్యమ్ము గాదు
విడువుమా నా నాథు విగతదేహమ్ము

శోకం ఉట్టిపడాలని నేను గమకాలు వేయించాను, కంఠం వణికించమన్నాను. ఒకనాడు వాళ్ల అవ్వ సాధన చూడడానికి వచ్చి గోడవార కూర్చున్నది. ఆమె భర్త గని లోపల రాయి పేలి చనిపోయినవాడు. పాట అయినాక నన్ను చూసి తల అడ్డంగా ఆడించింది.

"ఏమమ్మా, బాగాలేదా?" అన్నాను.

"బాగుండాది అప్పా. కానీ ఆ యమ్మ అప్పుడే ఏడ్చేది ఎందుకు? మొగుడు ఇంగా చేతికి రాలేదు గదా. మేము గని బావి నోటికాడ రెండు దినాలు నిలబడినాము. ఎవురూ ఏడ్వలేదు. ఏడిస్తే ఆడోళ్లను దూరంగా తోలేస్తారు. అడుగుతాం, అంతే. మనిషి పైకి వచ్చినాక, అప్పుడు ఏడ్చేది."

నేను గమకాలన్నీ తీసేశాను. ఆ రోజు నుంచి రాణి ఏడవలేదు, అడిగింది. అలంకారశాస్త్రం చదివినవాడికి ఆ సంగతి తట్టలేదు.

ఆ సాయంకాలమే అమ్మాయి నాతో ఒక మాట అన్నది. "అవ్వ చర్చిలో నేను అందరితో కలిసి పాడేదే విన్నాది సార్. ఒక్కదాన్నే నిలబడి పాడేది ఎప్పుడూ చూడలేదు. దీంట్లో చూస్తాది." ఆమె నాటకానికి వచ్చినది అందుకే. మరి దేనికోసమూ కాదు.

జాతరకు పది రోజులున్నాయనగా సంఘం పెద్ద సాధనకు వచ్చాడు. రాణి ఘట్టం విని కళ్లు తుడుచుకున్నాడు. "ఎవరి బిడ్డ ఇది, అయ్యవారూ?" అని అడిగాడు. చెప్పాను. ఆయన వెళ్లిపోయి, మరునాడు మా ఇంటికి వచ్చాడు.

"నాకు ఏమీ లేదు, అయ్యవారూ. నేను అట్లాటోడిని కాదు, మీకు తెలుసు. కానీ గుడి ముందర పందిరి. అమ్మవారి ఎదురుగా ఆ బిడ్డ దీపానికి దండం పెట్టల్లా, హారతి పళ్లెం పట్టల్లా. నలుగురు నాలుగు మాటలంటారు."

"హారతి వేరే పాత్రకు ఇద్దాం."

"అది కాదు. మా తమ్ముడి కూతురు ఉండాది. చూడను లక్షణంగా ఉంటాది. రాణి వేషం దానికి కట్టండి. ఆ బిడ్డ తెర వెనక కూర్చొని పాడనీ. గొంతు కావల్సిందే, అయ్యవారూ, గొంతు లేకపోతే నాటకమే లేదు. మనిషి కనబడకుంటే చాలు."

ఆ సమయంలో నేను అనవలసిన మాట ఒక్కటే ఉన్నది. కుదరదంటే నాటకం ఆగిపోయేది. గురువుగారికిచ్చిన మాట నా కళ్ల ముందు నిలిచింది, అలా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఇంత దూరం వచ్చిన తరువాత నాకు వదలబుద్ధి కాలేదు. ఒప్పుకున్నాను.

అమ్మాయికి చెప్పినప్పుడు ఆమె చేతిలోని కాగితాలను మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "అవ్వకు ఏమని చెప్పేది సార్?" అన్నది.

"గొంతు నీదే కదమ్మా. ఆమె వింటుంది."

"వినేది సరే సార్," అన్నది. వస్తుందనే అనుకున్నాను. వచ్చింది కూడా. ఆమె రాకుండా ఉంటే నన్ను నేను క్షమించుకోవడానికి కొంత సందు దొరికేది.

విజేత వేషం వేసే కుర్రవాడు మిగిలినవారితో, "నాకే కష్టం రా. ఒకామె ముఖం చూడల్లా, ఇంకొకామె మాట వినల్లా. ఇద్దరు రాణులకు ఒకే శవం," అంటే అందరూ నవ్వారు. పెద్దగారి తమ్ముడి కూతురు కూడా నవ్వింది. ఆ పిల్ల చెడ్డది కాదు. పెదవులు కలపడం శ్రద్ధగానే నేర్చుకున్నది.

ఈ ప్రాంతపు నాటకాలలో ఒక ఆచారం ఉన్నది. పద్యం నచ్చితే సభవారు వన్స్ మోర్ అంటారు. నటుడు మళ్లీ పాడాలి. ఈలోగా అతని చుట్టాలు రంగస్థలం ఎక్కి దండ వేస్తారు, గొంతు తడుపుకోవడానికి సోడా తాగిస్తారు. చచ్చి పడి ఉన్నవాడు కూడా వన్స్ మోర్ అంటే లేచి పద్యం చదివి, సోడా తాగి, మళ్లీ చస్తాడు. నాకు ఇది మొదటి నుంచీ రోత. మా నాటకంలో అలాంటివి ఉండకూడదని సంఘంవారికి గట్టిగా చెప్పాను. "అట్లనే, అయ్యవారూ," అన్నారు. నేను చెప్పాను కనుక జరగదని నమ్మాను. జరిగితే ఏమి చేయాలో హార్మోనియం మాస్టరుకు గాని, తెర వెనుక అమ్మాయికి గాని ఒక్క ముక్క చెప్పలేదు. పుస్తకాల మనిషిని. చెప్పినది చాలునని అనుకునే జబ్బు మాది.

జాతర రోజున ఎండ ఇంకా పందిరి మీద ఉండగానే ప్రారంభించాము. అవ్వ మూడవ వరుసలో కూర్చున్నది. అమ్మాయిని దర్బారు బొమ్మ వేసిన పక్కతెర వెనుక చిన్న పీట మీద, మైకు ముందు కూర్చోబెట్టాము. అక్కడి నుంచి ఆమెకు రంగస్థలం కనిపించదు, హార్మోనియం మాత్రం వినిపిస్తుంది. మొదటి రెండు గంటలు నేను కలలో కూడా ఊహించనంత బాగా నడిచింది. పిల్లలు ఒక్క చోట తప్పలేదు.

శిబిర ఘట్టం వచ్చింది. రాణి గుడారం ముందుకు వచ్చి నిలిచింది. తెర వెనుక నుంచి ఆ గొంతు అడిగింది. పందిరిలో పసిపిల్లల ఏడుపు కూడా ఆగింది. ద్విపద ముగిసి రెండు క్షణాలు నిశ్శబ్దం. ఆ రెండు క్షణాల కోసమే నేను ముప్పై ఏళ్లు బ్రతికానేమో.

వెనుక వరుసలో ఎవడో "వన్స్ మోర్" అన్నాడు. పందిరంతా అందుకున్నది.

హార్మోనియం మాస్టరుది నలభై ఏళ్ల అలవాటు. ఆయన చేయి తనంతట తానే ఎత్తుగడ మీదికి పోయింది. తెర వెనుక అమ్మాయి ఆ ఎత్తుగడ విని, నేర్పిన ప్రకారం అందుకున్నది. సరిగ్గా అదే సమయానికి రాణి వేషం కట్టిన పిల్ల మేనమామ దండతో, సోడా సీసాతో రంగస్థలం ఎక్కి ఉన్నాడు. రాణి తల వెనక్కి వాల్చి సోడా తాగుతున్నది. "అడుగవచ్చితినయ్య" అని గొంతు ఆకాశాన్నంటుతున్నది. సీసా ఆమె నోట్లోనే ఉన్నది.

ఒక్కసారిగా నవ్వు. పిల్లకు పొలమారి సోడా ముక్కులోంచి వచ్చింది. మేనమామ వీపు మీద చరుస్తూ, "గుటకేస్తా ఉంది, పాట యాడ నుంచి వస్తాదబ్బా?" అని మైకులోనే అనేశాడు. నవ్వు రెట్టింపయింది. లోపల అమ్మాయి గొంతు మధ్యలో తెగిపోయింది.

తరువాత జరిగినది ఇంకా ఎక్కువ. నవ్వు సద్దుమణిగాక, ముందు వరుసలోని ముసలాయన ఒకడు లేచాడు. "నవ్వేది చాలప్పా. పాడిందెవరు? ఆ యమ్మను ముందుకు పిలవండి, చూస్తాం." మరొకరు, "అవునప్పా, తెర తీయండి. దండ ఆ బిడ్డకు వేద్దాం," అన్నారు. మేనమామ అప్పుడే రాణి మెడలోని దండ తీసి చేతిలో పట్టుకుని నిలుచున్నాడు, ఎటు పోవాలో తెలియక. ఎవరి బిడ్డ అని ఎవరూ అడగలేదు. ఆ నాలుగు మాటలు అంటారన్న నలుగురు నాకు ఆ పందిరిలో ఎక్కడా కనిపించలేదు.

సంఘం పెద్ద మాత్రం కూర్చున్న చోట నుంచి నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. తెర అంచు నా చేతికి అందేటంత దగ్గరలోనే ఉన్నది. నేను మైకు అందుకున్నాను.

"అయ్యా, అది రికార్డింగు. ముందుగా పాడించి పెట్టుకున్నది. పాడినవారు ఇక్కడ లేరు. నాటకం సాగనివ్వండి."

నమ్మారు. అయ్యవారు అబద్ధమాడరని వారి నమ్మకం. హార్మోనియం మాస్టరు తల వంచి మెట్లు చూసుకున్నాడు. ఆయన మళ్లీ ఎత్తుగడ వాయించినప్పుడు అమ్మాయి పాడదనే అనుకున్నాను. పాడింది. మంగళం దాకా ఒక్క అక్షరం పోకుండా పాడింది. గురువుగారికిచ్చిన మాట నెరవేరింది. నాకు శాలువా కప్పారు.

వ్యాను దగ్గర అమ్మాయి కిటికీ పక్కన, ముఖం అటు తిప్పుకుని కూర్చున్నది. అవ్వ ఇంకా ఎక్కలేదు.

"లేదన్నావు గదా అప్పా, పాడినామె ఈడ లేదని. నేను వరసలో అందరి ముఖాలూ చూసినాను. నా మనవరాలే అని చెప్దామని నోటిదాకా వచ్చింది. అయ్యవారే లేదన్నాక నా మాట ఎవురు వింటారని ఊరుకున్నాను."

నేను శాలువా తీసి చేతిలో పెట్టుకున్నాను. అంతకన్న ఏమీ చేయలేదు.

ఆ తరువాత బేతమంగళ వైపు నుంచి, ముళబాగిలు వైపు నుంచి పిలుపులు వచ్చాయి. నాటకం గురించి కాదు. "అయ్యవారూ, ఆ రికార్డింగు ఒక పెన్ డ్రైవులో వేసిస్తారా? మా పిల్లోళ్లు వేషాలు కట్టుకొని నోరు ఆడిస్తారు," అని. అప్పుడు కోరమండల్‌కు వెళ్లాను. ఈసారి నిన్నే నిలబెడతాను, నీ పేరే చెబుతాను, ఏ సంఘమూ అడ్డురాదు అన్నాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"వాళ్లు నన్ను పిలిచినారా సార్?"

"నీ గొంతునే కదమ్మా వాళ్లు..."

"రికార్డింగు అడిగినారు. నన్ను కాదు. నేను ఉండేది వాళ్లకు తెలీదు గదా," అన్నది. కోపంగా కూడా అనలేదు. కాఫీ తాగి పొమ్మన్నది. తాగాను.

ఫోన్లు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి. రికార్డింగు చెడిపోయిందని చెబుతున్నాను.