తీతువు ఎవరి కోసం అరిచింది

అప్పటికి నాకు అక్షరాలు రావు, ఫోన్‌తో ఫోటోలు తీయడమే వచ్చు. ఈ వయసులో మనవరాలి దగ్గర రాయడం నేర్చుకున్నాను కనుక ఇప్పుడు రాస్తున్నాను.

చర్ల దగ్గర మా చెరువులో నీళ్లు తగ్గి, ఇప్పపూలు రాలుతున్న రోజులవి. మంచం పట్టిన మా అత్తమ్మ, తీతువు అరిచినప్పుడల్లా తల ఎత్తి వినేది. ఆ పిట్ట ఇంటి మీద అరిస్తే చావు కబురని మావాళ్ల నమ్మకం. ఆమె భయం పోగొట్టాలని చెరువులో ఎండిన ఒండ్రు మీద మెల్లగా పాకుతూ వెళ్లి ఫోటో తీసుకొచ్చి చూపించాను.

"ఏందే ఇవి, గులకరాళ్లా?"

"తీతువు గుడ్లు అత్తమ్మా. కుక్కలు అటు దిక్కు పోతే గట్ల అరుస్తది. నీ కోసం కాదు."

ఆమె ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అయితే నన్ను పిలుస్తలేదా?"

"లేదు, భయపడకు."

"భయమెందుకే పిల్లా? ఈ నొప్పులు ఓర్వలేక, ఎప్పుడు పిలుస్తదా అని చూస్తున్న" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున నేను ఫోటోలకు పోలేదు. నీళ్లు కాచి ఆమె ఒళ్లు తుడిచాను. బయట తీతువు అరుస్తుంటే, ఆమె చూపించిన చోటల్లా ఇప్పనూనె రాస్తూ కూర్చున్నాను.