భీమడోలు దగ్గర ఆగిపోయే లారీ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాకొక లారీ ఉండేది. ఉండేదంటే, ఏలూరులో మా ఇంటి ముందు సగం వీధిని ఆక్రమించుకుని ఉండేది. దాని వయసెంతో రిజిస్ట్రేషను కాగితంలో రాసి ఉంది గానీ, బండి ఆ కాగితం కన్నా పెద్దదని నా అనుమానం. హారను కొడితే కొల్లేటి మీద కొంగలన్నీ ఒక్కసారిగా లేచి, ఆ పూటకి ఎండ కనబడేది కాదు. దాని పొగ ధర్మమా అని ఎదురింటివాళ్లు గోడకి సున్నం వేయించే ఆలోచనే మానుకున్నారు.

తాడేపల్లిగూడెం రైసుమిల్లుల్లో తవుడు ఎత్తుకుని కొల్లేటి చేపల చెరువులకి చేర్చడం దాని ఉద్యోగం. తవుడు ఒక్కపూట ఆలస్యమైతే చాలు, చెరువు రైతు ఫోను చేసేవాడు. చేపలన్నీ గట్టెక్కి మా ఇంటి అడ్రసు అడుగుతున్నట్టుండేది ఆయన గొంతు.

ఆ బండిని నడిపేది మా నాన్నగారి రోజుల నుంచీ ఉన్న డ్రైవరు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నాకు సైకిలు నేర్పిందీ ఆయనే, నేర్చుకుంటూ నేను కాలవలో పడితే తీసిందీ ఆయనే. నేను బాబాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను బాబుగారూ అనేవాడు. పొద్దున్నే స్టీరింగు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటే గాని తాళం తిప్పేవాడు కాదు. ఆ ప్రార్థన బండి కోసమో, ఎదురొచ్చేవాళ్ల కోసమో నేనెప్పుడూ అడగలేదు.

అలాంటి బండి ఒక వేసవిలో నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలెట్టింది. పెద్ద రోగమేమీ లేదు, శబ్దం లేదు, పొగ లేదు. రోడ్డు మధ్యలో ప్రాణం వదిలేసేది. పది నిమిషాలయ్యాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచేది.

"ఆగిపోయిందండి, బాబుగారూ," అని ఫోను వచ్చేది.

"ఎక్కడ బాబాయ్?"

"భీమడోలు దగ్గరండి."

ఏలూరు మెకానిక్కులు వచ్చారు. ఒకరు ఫిల్టరు మార్చారు. ఒకరు పంపు విప్పి కడిగారు. ఇంకొకరు నాజిల్సన్నీ ఊడదీసి, మా వాకిట్లో గోనె మీద పేరంటంలో తాంబూలాల్లా పేర్చి, మళ్లీ బిగించి వెళ్లారు. బండి మా వీధిలో సింహంలా గర్జించేది. మర్నాడు ఫోను వచ్చేది.

"భీమడోలు దగ్గరండి."

ఇక్కడ నా బుద్ధి గురించి చెప్పుకోవాలి. డ్రైవరుగారి కూతుర్ని ఇచ్చింది భీమడోలులోనే. అప్పటికి రెండు నెలల కిందటే ఆ అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. నిజానికి బండి ఆగింది ఏడుసార్లు, అందులో భీమడోలు దగ్గర మూడేసార్లు. మిగతావి పొలాల మధ్య, చెరువుగట్ల మీద, ఒకసారి బాతుల మంద మధ్యలో. కానీ నా బుర్ర ఆ ఏడింటినీ భీమడోలుకే లాక్కుపోయింది. ఇంజనుకి రోగం లేదు, తాతకి మనవడు పుట్టాడు, అంతే! అని తేల్చేశాను. నేను కనిపెట్టినందుకు నాకే ముచ్చటేసింది కూడా.

మా ఆవిడకి చెబితే, "మీరూ భోజనం అవగానే పది నిమిషాలు ఎక్కడున్నారో అక్కడే ఆగిపోతారుగా, మిమ్మల్ని ఏ భీమడోలు పంపించాలి?" అంది.

ఆ మాట వినుంటే బాగుండేది. వినలేదు. ఆ సాయంత్రమే ఆయన్ని నిలబెట్టి అనేశాను: "బాబాయ్, శనివారం దాకా చూస్తాను. ఆ తర్వాత కూడా బండి భీమడోల్లోనే ఆగితే, కొత్త డ్రైవర్ని పెట్టుకోవాల్సి వస్తుంది."

ముప్ఫై ఏళ్లు ఆ బండి నడిపిన మనిషి, చేతిలోని తాళం వంక చూసుకున్నాడు.

"ఆయ్. అయితే రేపు మీరూ ఎక్కండి బాబుగారూ," అన్నాడు. "మీ కళ్లతో చూసి, మాన్పించాలంటే మాన్పించండి."

ఎక్కాను. ఆ క్యాబిన్లో ప్రయాణమంటే విసుర్రాయిలో పడ్డ మినపగింజ ప్రయాణమే. గుండుగొలను దాటేసరికి నా ఎముకలన్నీ చోట్లు మార్చుకున్నాయి. భీమడోలు ఇంకా రెండు మైళ్లుందనగా బండి రెండుసార్లు దగ్గింది, ముందుకి ఒకసారి తూలింది, ఆగిపోయింది. నేను ఆయన కాళ్లవైపే చూస్తున్నాను. ఒక కాలు యాక్సిలేటరు మీద అదిమే ఉంది. చేతులు రెండూ స్టీరింగు మీదే. ఏ మీటా లాగలేదు, ఏ తాళమూ తిప్పలేదు. వెనక బస్సు హారను మోగుతుంటే ఆయన చెమటలు కక్కుతూ బండిని పక్కకి దొర్లించాడు.

బస్సు కండక్టరు తల బయటపెట్టి, "ఏవండీ, దిష్టి తీయించారాండీ?" అన్నాడు. మోపెడ్ మీద వెళ్తున్న పురోహితులవారు ఆగి, బండి కొన్న తిథి అడిగారు. అది మా తాతగారిని అడగాలి, ఆయన లేరు, అన్నాను.

అప్పుడు డ్రైవరుగారు అన్నాడు, "ఇక్కడ షెడ్డులో పెద్దాయనొకాయన ఉన్నాడండి. నెలరోజుల్నుంచీ చెబుతున్నాను, ఒకసారి చూపిద్దామని."

నిజమే, చెబుతూనే ఉన్నాడు. ఆ పెద్దాయన చెరువుల్లో నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేసేవాడు గదా, లారీకి ఆయనెందుకు అన్నాను. మనసులో మాత్రం, ఆ షెడ్డు కూడా భీమడోలు పక్కనే ఎందుకుందో అనుకున్నాను.

పది నిమిషాలకి బండి లేచింది, షెడ్డుకి చేరింది. పెద్దాయన బానెట్టు ఎత్తనే లేదు. బీడీ పక్కన పెట్టి, డాక్టరులా ప్రశ్నలు వేశాడు.

"ఠక్కున పోతుందాండీ, దగ్గి పోతుందా?"

"దగ్గి పోతుందండి," అన్నాడు డ్రైవరుగారు.

"మళ్లీ లేవడానికి ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యమండి. పది నిమిషాలు కూర్చుంటాం."

"ఊరికే కూర్చుంటే తగ్గే జబ్బు ఇంజనుది కాదండి," అన్నాడాయన. "దానికి అన్నం అందట్లేదు. ఎక్కడ అందట్లేదో చూద్దాం."

ఆ తర్వాత ఆయన చేసిన వైద్యం నేను జన్మలో మర్చిపోను. ఇరవై లీటర్ల క్యానులో డీజిలు పోసి, దాన్ని సీటు వెనక ఎత్తుగా తాళ్లతో కట్టాడు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం విప్పేసి, క్యాను నుంచి ఇంజనుకి సన్నటి పారదర్శకమైన పైపు వేశాడు. అచ్చంగా సెలైన్! "గూడెం వెళ్లి, తవుడు ఎత్తుకుని రండి," అన్నాడు. "ఆగకుండా వస్తే ఇంజనుకీ, నడిపేవాడికీ ఏ దోషం లేదు. దోషం ట్యాంకుది."

నడిపేవాడికీ అన్న మాట ఆయన మామూలుగానే అన్నాడు. మేమిద్దరం మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ పైపు వంక నేను ఆస్పత్రిలో రోగి బంధువులా చూస్తూ కూర్చున్నాను. బుడగ కనబడితే నా గుండె ఆగేది, బండి ఆగేది కాదు. భీమడోలు వచ్చింది. రోడ్డుపక్కన వాళ్ల అమ్మాయి పిల్లాణ్ని ఎత్తుకుని నిలబడి ఉంది. నాన్న బండి చప్పుడు మైలు దూరం నుంచే తెలుస్తుందిగా మరి. పిల్లాడి చెయ్యి పట్టుకుని ఊపింది. ఈయన చూపు తిప్పలేదు. గేరు మార్చి, రోడ్డునే చూస్తూ వెళ్లిపోయాడు. అద్దంలో ఆ పిల్ల చెయ్యి దించుకోవడం నాకు కనబడింది.

గూడెం వెళ్లాం. లారీ నిండా తవుడు ఎత్తాం. వచ్చేటప్పుడూ భీమడోలు దాటాం. అమ్మాయి ఈసారి రోడ్డు మీదకి రాలేదు. బండి ఎక్కడా ఆగలేదు.

షెడ్డులో పెద్దాయన ట్యాంకు మూత విప్పి, వంచిన ఇనప చువ్వ లోపలికి పెట్టి, గాలం వేసినట్టు తిప్పాడు. చేప పడింది. నల్లటి పీలిక, జానెడు పొడుగు. ఇంజను పీల్చినప్పుడు అది వెళ్లి గొట్టం మూతికి అంటుకోవడం, ఇంజను చచ్చాక ఊడి తేలిపోవడం! ఇన్నాళ్ల మాయ అదే.

పెద్దాయన దాన్ని పిండి, ఎండకి పట్టి చూశాడు. "ఇదెవరిదో పెద్దింటి పంచె అండి. జరీ అంచు కూడా ఉంది."

ఆ అంచు నాకు తెలుసు. వేసవి మొదట్లో పీపాలో డీజిలు తెచ్చుకుని, అందులో తుప్పు ఉందేమోనని, నా పాత జరీ పంచె చింపి ట్యాంకు మూతికి కట్టి వడపోసింది నేనే. నేను చూపించిన జాగ్రత్తకి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ముడి ఊడి ఒక ముక్క లోపల పడిందని ఎవరు చూశారు?

డ్రైవరుగారు చూసినట్టున్నాడు, ఇప్పుడు. జరీ వంక చూశాడు, నా వంక చూశాడు. "ఏదో గుడ్డ లెండి పెద్దాయనా," అని దాన్ని తీసుకుని చెత్తలో పడేశాడు.

నా జన్మలో ఎవరూ నన్ను అంత మర్యాదగా కాపాడలేదు.

చెరువుల దారి కూడా భీమడోలు మీదనుంచే. ఊళ్లోకి రాగానే, "ఆపు బాబాయ్," అన్నాను.

"బండి బాగానే ఉందండిగా?"

"బండి బాగానే ఉంది. ఆపు."

అమ్మాయి బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను అన్న మాట రాత్రే ఆ అమ్మాయికి చేరినట్టుంది. నన్ను చూసి, పిల్లాణ్ని భుజం మీదకి మార్చుకుని, "నాన్నగారు మానెయ్యాలాండీ?" అంది సూటిగా.

"లేదమ్మా," అన్నాను. "తప్పు మీ నాన్నగారిది కాదు, బండిదీ కాదు. ట్యాంకులో గుడ్డ పడేసింది నేను. ఆయన్ని అనుమానించిందీ నేనే. మీ నాన్న ఉంటానంటే అది నా అదృష్టం."

పిల్లాడు నన్ను తేరిపార చూశాడు, ఈ తవుడు పూసుకున్న శాల్తీ ఎవరా అని. డ్రైవరుగారు వాణ్ని అందుకుని, వీపు నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. నేను తొందర పెట్టలేదు. చెరువు రైతు ఫోను మోగింది, ఎత్తలేదు.

"ఉంటానండి," అన్నాడు చివరికి. "కానీ ఒక షరతండి బాబుగారూ. డీజిలు నేనే పోసుకుంటాను. పోసేటప్పుడు మీరు ఆ చుట్టుపక్కల ఉండకూడదు."

అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను అక్కడికక్కడే ఒప్పుకున్నాను. బండి అమ్మేసేదాకా ఆయనే నడిపాడు. ఆయన పీపా తెరిచినప్పుడల్లా నేను మా వీధి చివరికి పోయి నిలబడేవాణ్ని. అక్కణ్నుంచి చూస్తే, స్టీరింగు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్న ఆ మనిషి, నా అర్హతకి మించి దొరికిన చుట్టంలా కనబడేవాడు.