ఇంట్లో ఎంతమంది?

ఆరుగురు అక్కచెల్లెళ్లలో ఆఖరిది కాబట్టి ఇంట్లో అందరికీ ఆమె చిన్ని. జనాభా అధ్యయనంలో పీజీ చేస్తోంది. సర్వేకి వెళ్తే చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆడవాళ్ల పక్కనే నేలమీద చతికిలబడి, "పిల్లలు ఎంతమందమ్మా?" అని మెల్లగా అడుగుతుంది. జవాబు చెప్పలేక ఎవరైనా నీళ్లు నమిలితే కంగారు పెట్టదు. తనే మంచినీళ్లడిగి తాగి, కాసేపు ఏవో కబుర్లాడి, మళ్లీ అడుగుతుంది.

పరిశోధన ఫెలోషిప్ ఇంటర్వ్యూకి పెద్దక్క కుట్టుపని మానుకుని మరీ తోడొచ్చింది. చిన్నిని చంకనేసుకుని పెంచింది ఆవిడే. తన చదువు ఆగిపోయింది కూడా అప్పుడే. చెల్లెలి జడ సర్ది లోపలికి పంపి, ఓరగా తెరిచిన తలుపు పక్కనే బెంచీమీద కూర్చుంది. పెద్ద కుటుంబాల్లో ఆడపిల్లల చదువు గురించి తాను చేయబోయే పనిని చిన్ని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కమిటీ పెద్దాయన ముచ్చటపడి, "మీరెంతమందమ్మా?" అన్నాడు మాటవరసకి. చిన్నికి చెవులు వేడెక్కాయి. "ఇద్దరమేనండి" అంది. బయటికి రాగానే పెద్దక్క ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. "బాగా చెప్పావే, ఎక్కడా తడబడలేదు" అంది. చిన్ని కప్పులోకే చూస్తూ తాగింది. మెట్లు దిగుతుంటే అక్క ఆగి, గొంతులో కోపమనేదే లేకుండా అడిగింది: "ఆ ఇద్దరిలో నేనున్నానా, చిన్నీ?"