కోచ్ సారు ఫోటో దించిన గోడ

మా ఊరి క్రీడా సంఘం వాళ్ళు కబడ్డీ కోచ్ సారు ఫోటోను గోడ మీంచి దించిన నాటి నుంచి నా కడుపు మండుతూనే ఉంది. మొన్న మంగళవారం సారు పోయారు. పాడె వెంట ఆయన దగ్గర ఆట నేర్చుకున్న వాళ్ళంతా నడిచారు. సంఘం పెద్దలు ఒక్కరూ రాలేదు.

సారు చెప్పులతో బరిలో అడుగు పెట్టింది నేను చూడలేదు. ముందు గులకరాళ్ళు ఏరి, నీళ్ళు చల్లి, ఆ తర్వాతే కూత. ఒక్క విషయంలో మాత్రం మహా కచ్చితం.

"తాకిందా? నువ్వే చెయ్యెత్తు బిడ్డా. అంపైరు చూసిండా లేదా, గది నీకెందుకు?"

అలా చెయ్యెత్తి ఓడినవాడికి ఆ పూట ఉడికిన గుడ్డు సారు చేతి మీదుగానే అందేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో పట్నం నుంచి ఒకడు కారులో దిగాడు. పెద్ద లీగులో కబడ్డీ టీము కొన్నానన్నాడు. సారునే కోచ్‌గా పెట్టుకున్నాడు. "పైసలెందుకు పెద్దయ్యా, జీవాలియ్యుండ్రి. టీముకు మీరు గూడ మాలికులే" అని మా గొర్రెల కాపరులతో అన్నాడు.

మా కాపరులలో గొర్రెను సగపాలుకు ఇస్తే కాగితం రాసుకోము. ఈనిన పిల్లల్లో సగం మన మందకు వస్తాయి. టీము కూడా అలాగే ఈనుతుందనుకున్నాం.

పొట్టేళ్ళను లారీ ఎక్కిస్తుంటే సారు అడ్డం నిలబడ్డారు. "దించుండ్రి అన్నా! పోరగాండ్లకు బూట్లు గూడ కొనలే వీడు. టీమేడున్నది?"

"మేం మాలికులమైతే నీకు కండ్లమంటనా సారూ?" అని మావాళ్ళు నవ్వారు. లారీ పోయింది. వాడసలు టీమే కొనలేదని తర్వాత తెలిసింది.

పోలీసులకు దొరికాక వాడు "అంతా కోచే తిన్నడు" అన్నాడు. లారీ పక్కన సారు నిలబడ్డ మాట నిజమే గదా అని సంఘం నమ్మింది. ఫోటో దించింది.

"కొట్లాడు సారూ" అన్నాను.

"కోర్టు కచేరీల పొంట తిరిగితే పోరగాండ్లకు ఆటెవరు నేర్పాలె అన్నా? జర జరుగు, నీళ్ళు చల్లాలె."

సంఘం పెద్దలూ, మునిగింది మేము. సారు తిన్నాడని మేమెవ్వరం అనలేదు. మీరెట్లా అన్నారు? మమ్మల్ని ఒక్కమాటైనా అడిగారా?

ఫోటో దించిన చోట మేకు ఇంకా అలాగే ఉంది. ఆదివారం సారు దినాలు. మీరు చెయ్యెత్తుతారా లేదా? ఆదివారం పొద్దు ఎక్కేలోపు నాకు జవాబు కావాలి.